మీట్‌కి తోడొచ్చే అమ్మకి ఏం చేస్తే బావుంటుంది?

రెండోలేన్
వచ్చే నెల జిల్లా అథ్లెటిక్స్ మీట్. నావి 100 హర్డిల్స్, లాంగ్ జంప్. ఎప్పుడూ అమ్మే తోడొస్తుంది. ఆ రోజు పని మానుకుని, సంచి మోసుకుని, సాయంత్రం దాకా గ్యాలరీ మెట్ల మీద కూర్చుంటుంది. మెడల్ వస్తే కోచ్‌కి శాలువా, పీఈటీ మాస్టారికి పేపర్లో ఫొటో. ఫొటో తీసిన అమ్మ ఎందులోనూ ఉండదు. చీర కొంటానంటే డబ్బులు దండగ అని తిడుతుంది. ఆవిడకి నిజంగా పనికొచ్చేలా ఏం చెయ్యొచ్చో చెప్పండి. మీట్ రోజు చెయ్యాల్సినవైనా సరే, తర్వాత చెయ్యాల్సినవైనా సరే. "మెడల్ కొట్టు, అదే కృతజ్ఞత" అని మాత్రం అనకండి, అది రోజూ గ్రౌండ్‌లో వింటున్నదే.

మురీమిక్చర్
మెడల్ కొట్టు, అదే కృతజ్ఞత.

మురీమిక్చర్
సారీ, చెయ్యి ఆగలేదు.

టెక్నికల్_టేబుల్
చీర సంగతి తర్వాత. ముందు అమ్మ చేతిలో టైమ్‌టేబుల్ పెట్టు. అథ్లెట్ కాల్ రూమ్‌లోకి, అంటే పోటీకి ముందు హాజరు తీసుకునే చోటికి, వెళ్ళాక బయటున్నవాళ్ళకి ఏమీ తెలీదు. పోటీ జరిగే చోటికి ఫోన్ తీసుకెళ్ళకూడదు కాబట్టి నువ్వు మెసేజ్ పెట్టడం కూడా కుదరదు. ముందురోజు రాత్రే ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వు: బిబ్ నంబరు (బనీను మీద గుచ్చుకునే నంబరు), ఏ వయసు గ్రూపు, ఈవెంటు, రిపోర్టింగ్ టైము, పోటీ టైము. హీట్ (తొలి రౌండులో నీ బ్యాచ్), లేన్ ఖాళీగా వదిలెయ్యి, స్టార్ట్ లిస్ట్ అతికించాక ఆవిడే నింపుకుంటారు.

ఇంకోటి. ఫలితాల కాగితం చదవడం నేర్పు. పేరు పక్కన పెద్ద క్యూ (Q) అక్షరం ఉంటే స్థానాన్ని బట్టి ఫైనల్‌కి వెళ్ళినట్టు. చిన్న క్యూ (q) అయితే టైమ్‌ని బట్టి వెళ్ళినట్టు. ఇది తెలీక, హీట్‌లో మూడో స్థానం వచ్చింది కదా, అయిపోయిందనుకుని సంచి సర్దేసే పేరెంట్స్ ప్రతి మీట్‌లోనూ కనిపిస్తారు.

హీట్స్ పొద్దున్న, ఫైనల్ సాయంత్రం అయితే మధ్యలో ఆవిడ ఇంటికెళ్ళి రావచ్చు. లేదా ఒక్కపూటే సెలవు పెట్టుకుంటే సరిపోతుంది. రోజు కూలి పోయేవాళ్ళకి సగం రోజు మిగిలితే చిన్న విషయం కాదు.

గాజువాక_అమ్మ
పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మైకులో పేర్లు సగం వినబడవు, వినబడింది మన పిల్ల పేరో కాదో తెలీదు. ఎండ అయినా ఓర్చుకుంటాం గానీ ఏం జరుగుతోందో తెలీకపోతే ప్రాణం కొట్టుకుంటాది తల్లీ.

ఉక్కునగరం400
అమ్మకి స్టాప్‌వాచ్ నేర్పు. చూస్తూ కూర్చోవడం కన్నా చేతిలో ఏదో ఒక పని ఉంటే కంగారు తగ్గుతుంది. అందరూ తప్పు చేసేది ఒక్కచోటే. ఫినిష్ దగ్గర కూర్చుని తుపాకీ చప్పుడు విని నొక్కుతారు. చప్పుడు 100 మీటర్లు దాటి రావడానికి 0.29 సెకను పడుతుంది. అంటే వాచీ ఆ మేరకు ఆలస్యంగా మొదలై, పరుగు అంత వేగంగా అయినట్టు చూపిస్తుంది. పొగ గానీ మెరుపు గానీ కనబడగానే నొక్కాలి. ఆపేటప్పుడు తల, చెయ్యి, కాలు ఏవీ లెక్క కాదు, మొండెం గీత దగ్గరికి రాగానే ఆపాలి. చేతి టైమ్‌ని పై పదో వంతుకి పెంచి రాస్తారు, 15.31 వస్తే 15.4 అన్నమాట. ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే 100కి ఇంకో 0.24 కలుపుకో. ఇది చెప్పకపోతే "నా వాచీలో ఇంకా బాగా వచ్చింది, వాళ్ళే తప్పు రాశారు" అని మొదలవుతుంది.

మర్రిపాలెం_మావయ్య
పొద్దున్నే లేచి వండి, సంచి మోసి, బస్సెక్కి వచ్చిన మనిషికి ఇంకో డ్యూటీ వెయ్యడమా కృతజ్ఞత? ఆవిడ్ని కాసేపు నీడలో కూర్చోనివ్వండయ్యా.

ఉక్కునగరం400
డ్యూటీ కాదు మావయ్యా, ఆటలో వాటా.

మర్రిపాలెం_మావయ్య
వాటా అంటే లాభంలో ఉంటాది. ఇది పనిలో వాటా.

గాజువాక_అమ్మ
ఇద్దరూ ఆగండి. ఒకావిడకి వాచీ పట్టుకుంటే హుషారు. ఇంకొకావిడ రేసు మొదలవగానే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాది, ఆవిడ చేతికి వాచీ ఇచ్చి ఏటి లాభం? అడిగి చెయ్యమ్మా. "నీకు టైమ్ చూడాలనుందా, ఊరికే చూడాలనుందా" అని ఒక్క ముక్క.

రెండోలేన్
వాచీ వద్దంటుంది. వీడియో తీయడమంటే ఇష్టం. కానీ ప్రతి వీడియోలోనూ ముందు వరస అంకుల్ తలకాయే. ఎక్కడ కూర్చోమనాలి?

హర్డిల్‌మాస్టారు
రెండు ఈవెంట్లకీ రెండు చోట్లు.

హర్డిల్స్‌కి ఫినిష్ దగ్గర కూర్చుంటే ఎందుకూ పనికిరాదు, ఎనిమిది మంది ఒకే ముద్దగా వస్తారు. మీ ఈవెంటులో మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర, తర్వాత 8.5 మీటర్లకి ఒకటి చొప్పున మొత్తం పది, ఆఖరి దాని తర్వాత 10.5. ఆ లెక్కన ఐదో హర్డిల్ 47 మీటర్ల దగ్గర వస్తుంది. దానికి ఎదురుగా, గ్యాలరీలో వీలైనంత పై మెట్టు మీద. పైకెక్కితే అంకుల్ తలకాయ కిందే ఉండిపోతుంది. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి, సెకనుకి 60 ఫ్రేములు పెట్టుకోవాలి, జూమ్ ముట్టుకోకూడదు. "సెట్" అనకముందే రికార్డింగ్ మొదలెట్టి నీతోపాటు మెల్లగా తిప్పాలి.

ఆ వీడియోలో హర్డిల్ దాటిన కాలు నేలకి తగిలిన ఫ్రేము వెతికి టైమ్ రాసుకో. పదీ రాశాక పక్కపక్క అంకెల మధ్య తేడా తియ్యి. 1.1, 1.1 అని నడుస్తూ ఏడో దాని దగ్గర 1.3 అయిందనుకో, హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య మూడడుగుల లయ అక్కడ తెగింది. కారణం సాధారణంగా దానికి ముందు హర్డిల్‌లోనే దొరుకుతుంది: మరీ ఎత్తుగా దాటి ఉంటావు, లేదా దిగేటప్పుడు వెనక్కి వాలి ఉంటావు. ఆ వీడియో పక్కన అమ్మని కూర్చోబెట్టుకుని "ఇదిగో, నువ్వు తీసినదాంట్లో దొరికింది" అని చూపించు. చీర కన్నా బాగా పనిచేస్తుంది.

లాంగ్ జంప్‌కి టేకాఫ్ బోర్డుకి సరిగ్గా పక్కన కూర్చోవాలి, గీతకి సూటిగా. ఏ కొంచెం వాలుగా కూర్చున్నా ఫౌల్ కానిది ఫౌల్‌లా కనబడుతుంది. ఇప్పటి రూల్ ప్రకారం గీత మీద నిలువుగా గోడ ఉన్నట్టే లెక్క, కాలివేలు గాల్లోనైనా ఆ గోడ దాటితే ఎర్ర జెండా. మూడు దూకుళ్ళ తర్వాత మొదటి ఎనిమిది మందికే మిగతా మూడూ. అందుకని రెండో దానికల్లా నీకు తెలియాల్సింది ఒక్కటే, బోర్డుకి ఎంత వెనక దూకావు, లేదా ఎంత దాటావు. అమ్మ గ్యాలరీలోంచి చేత్తో చూపిస్తే చాలు: ఒక బెత్తెడు వెనక, రెండు బెత్తెలు వెనక. బయటినుంచి సైగ చెయ్యడం తప్పు కాదు, రన్‌వే దగ్గరికి దిగిరావడం తప్పు. నువ్వు నీ మార్కర్‌ని, అంటే పరుగు మొదలెట్టే చోట పెట్టుకునే గుర్తుని, ఆ మేరకి జరుపుకో. బెత్తెడు వెనక దూకితే మార్కర్ బెత్తెడు ముందుకి. కంగారులో చాలామంది తిరగేసి జరుపుతారు.

మురీమిక్చర్
మాస్టారూ, బెత్తెడు అంటే అమ్మ బెత్తెడా, పిల్ల బెత్తెడా?

హర్డిల్‌మాస్టారు
ముందురోజు ఇద్దరి చేతులూ కొలుచుకోమను.

ఐస్‌ప్యాక్
ఫిజియోగా నా బాధ వేరు. మీట్ రోజుల్లో మా టెంటుకి కళ్ళు తిరిగి వచ్చేవాళ్ళలో అథ్లెట్లతోపాటు అమ్మలూ ఉంటారు. పిల్ల గెలవాలని శనివారం ఒక్కపొద్దు, పొద్దున్నుంచి కాఫీ చుక్కే, పైన మన విశాఖ ఉక్కపోత. గాల్లో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. సముద్రపు గాలి వేస్తోంది కదా అని మోసపోకూడదు. ఉపవాసం మానమని చెప్పను, మానరు కూడా. రేసు రోజు వద్దు, తర్వాతి వారం నీతోపాటు ఉంటానని ఒప్పించు. బీపీకో షుగర్‌కో మాత్రలు వాడేవారైతే ఆ డబ్బీ నీ సంచిలో కాదు, ఆవిడ సంచిలోనే ఉండాలి.

సర్దాల్సినవి: ఆవిడకి విడిగా లీటరు నీళ్ళ సీసాలు రెండు, అంచు వెడల్పు టోపీ, గొడుగు, మెట్టు మీద వేసుకోవడానికి మందంగా మడిచిన దుప్పటి. సిమెంటు మెట్లు మధ్యాహ్నానికి పెనంలా కాలతాయి. ఓఆర్ఎస్ పొట్లం లీటరుదైతే లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసు నీళ్ళలో సగం పొట్లం వేస్తే మరీ చిక్కనై కడుపులో తిప్పి విరోచనాలు పట్టుకుంటాయి. అట్టపెట్టెల్లో దొరికే తీపి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు. వాటి మీద ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ ఆదేశాలిచ్చింది.

నీ తిండి కూడా ఆవిడకి తేలిక చెయ్యి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర, గారెలు చెయ్యనక్కర్లేదు. రేసుకి మూడు గంటల ముందు ఇడ్లీలు నాలుగు, చట్నీ తక్కువ. గంట ముందు ఒక అరటిపండు. రెండు ఈవెంట్ల మధ్య ఎడం ఉంటే పెరుగన్నం కొంచెం. నూనె, పప్పు ఎక్కువుంటే అరగడానికి టైమ్ పడుతుంది, పరిగెడుతుంటే గొంతులోకొస్తుంది.

మురీమిక్చర్
నా పేరున్న వంటకం గురించి మాట్లాడరేం?

ఐస్‌ప్యాక్
ఫైనల్ అయ్యాక ఆర్కే బీచ్‌లో ఎన్ని పొట్లాలైనా తినండి. ముందు మాత్రం పచ్చి ఉల్లిపాయ, కారం, బయటి నీళ్ళతో కడిగిన కొత్తిమీర ఏవీ వద్దు.

ఐస్‌ప్యాక్
మర్చిపోయాను. జలుబు చేసిందని అమ్మ ప్రేమగా పోసే సిరప్ విషయం. కొన్ని జలుబు మందుల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది. మూత్రంలో మిల్లీలీటరుకి 150 మైక్రోగ్రాములు దాటితే పోటీ రోజున అది నిషేధిత పదార్థమే. అమ్మ ఇచ్చింది, నాకు తెలీదు అంటే కుదరదు, ఒంట్లో దొరికినదానికి అథ్లెటే బాధ్యత. పెద్ద మీట్లకి వెళ్ళబోయేదానివి కాబట్టి ఇప్పుడే అలవాటు చేసుకో. మందు మీద పేరు చదివి, నాడా (డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ళ జాబితాతో సరిచూసి, అప్పుడే మింగాలి. అమ్మకి ముందే చెప్పి ఉంచితే రేపు ఆవిడ తనని తాను తిట్టుకునే పని ఉండదు.

పాత_స్ప్రింటర్
ఈ చర్చలో డెరెక్ రెడ్‌మండ్ పేరు రాలేదేంటి? 1992 బార్సిలోనా, 400 మీటర్ల సెమీఫైనల్. వెనకవైపు స్ట్రెయిట్‌లో తొడ వెనక కండరం తెగింది. గ్యాలరీలోంచి వాళ్ళ నాన్న జిమ్ సెక్యూరిటీ వాళ్ళని తోసుకుని ట్రాక్ మీదకొచ్చి, భుజం కింద చెయ్యేసి గీత దాటించాడు. 2012లో లండన్ ఒలింపిక్ జ్యోతి మోసినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. తల్లిదండ్రులకి కృతజ్ఞత అంటే అలా నలుగురిలో జరగాలి.

టెక్నికల్_టేబుల్
అందరి కళ్ళల్లో నీళ్ళు తెప్పించిన పరుగే, కాదనను. కానీ ఆ పరుగు ఫలితాల్లో లెక్కకి రాలేదు. బయటివాళ్ళు పట్టుకుని నడిపిస్తే అది సహాయం కిందకొస్తుంది. జిల్లా మీట్‌లో ఎవరైనా అమ్మ లేన్ పక్కన చున్నీ ఎగరేసుకుంటూ పరిగెత్తినా అంతే, పోటీలో లేనివాళ్ళు పక్కన పరిగెడితే పేస్ ఇచ్చినట్టు. 800లో ఇది మరీ ఎక్కువ, ఆఖరి వంపు దగ్గర నాన్నలు కంచె దాటొచ్చేస్తారు. మొదటిసారి అరిచి పంపిస్తాం. రెండోసారి పిల్లకి నష్టం.

మర్రిపాలెం_మావయ్య
నాన్నకి రూల్ పుస్తకం ఇచ్చినా ఆ క్షణంలో చదవడులెండి.

పోర్ట్‌స్టేడియం_పొద్దున్న
బార్సిలోనా దాకా ఎందుకు, మన ఊరి పిల్ల ఉంది కదా. జ్యోతి యర్రాజి. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పని చేసేవారు. 2022లో సైప్రస్‌లో 13.23 పరిగెత్తి ఇరవై ఏళ్ళ నాటి జాతీయ రికార్డు దాటింది, 2023లో చెంగ్డూలో 12.78. రెండోలేన్, నీ ఈవెంటే. ఆ ఇంట్లోవాళ్ళు స్పైక్స్ (పిన్నులుండే పరుగు బూట్లు) విప్పి చూసి ఉంటారో లేదో గానీ, పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్ళద్దని ఆపలేదు. ఆపకపోవడం కూడా సాయమే.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ చూశావా? పక్క లేన్ చైనా అమ్మాయి ముందు కదిలితే ఈమెని కూడా ఫాల్స్ స్టార్ట్ అన్నారు. తగ్గకుండా అక్కడే నిలబడి మాట్లాడింది. పరిగెత్తనిచ్చారు. 12.91, ముందు కంచు, తర్వాత ఆ అమ్మాయిని తీసేస్తే వెండి.

టెక్నికల్_టేబుల్
మంచి ఉదాహరణ తెచ్చారు. మన దగ్గర అలాంటిది జరిగితే గ్యాలరీలోంచి అమ్మానాన్నలు అరుస్తారు. అది ప్రొటెస్ట్ కాదు, గోల. ఫలితం అధికారికంగా ప్రకటించాక 30 నిమిషాల్లోపు రిఫరీకి నోటితో చెప్పాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే జ్యూరీకి రాతపూర్వకంగా, డిపాజిట్ కట్టి. నీ టీమ్ మేనేజరు ఎవరో, ఎక్కడుంటారో అమ్మకి ముందే చూపించు. ఏదైనా తేడా వస్తే ఆవిడ వెళ్ళాల్సింది ఆ మనిషి దగ్గరికే, మా టేబుల్ దగ్గరికి కాదు. ఆవిడ వీడియో పనికొస్తే మేనేజరు అడుగుతారు.

రెండోలేన్
ఇవన్నీ రాసుకున్నాను. ఇంకోటి అడగనా, నవ్వకండి. మా ఇంట్లో ఎవరూ నోటితో థాంక్స్ చెప్పుకోరు. చెప్తే "ఏమైందే నీకు, జ్వరమొచ్చిందా" అంటుంది. మీట్ అయ్యాక క్లబ్బులో చిన్న సన్మానం, ఒక్కొక్కరం మాట్లాడాలి. అక్కడ ఏమనాలి?

పాత_స్ప్రింటర్
మా అమ్మే నా దేవత అని మొదలెట్టు, చప్పట్లే చప్పట్లు.

గాజువాక_అమ్మ
వద్దు తల్లీ. దేవత అంటే ఆవిడ తల దించుకుంటాది, ఎవరి పిల్లయినా అనే మాటే కదా. చేసిన పని పేరు పెట్టి చెప్పు. "లాంగ్ జంప్ రెండో ప్రయత్నం తర్వాత అమ్మ పైనుంచి బెత్తెడు వెనక అని చూపించింది, మార్కర్ జరిపాను, మూడోది పడింది." అంతే. ఆ ముక్క విన్నాక కోచ్ కూడా ఆవిడ వైపు తిరుగుతాడు. ఇంట్లో చెప్పాలన్నా అలాగే చెప్పు, జ్వరమా అని అడగదు.

మర్రిపాలెం_మావయ్య
నేనైతే ఇంట్లో చెప్పడమే ఎక్కువంటాను. మైకులో చెప్పింది ఊరికోసం.

గాజువాక_అమ్మ
ఊరు విననీండి మావయ్యగారూ. శాలువాలు ఊరంతా చూస్తుండగానే కప్పుతున్నారు కదా.

మర్రిపాలెం_మావయ్య
సరే, ఇది ఒప్పుకున్నాను.

హర్డిల్‌మాస్టారు
మాటలతోపాటు సంచి కూడా నువ్వే సర్దుకోవడం మొదలెట్టు. స్పైక్స్ పిన్నులు ముందురోజే బిగించు. మట్టి ట్రాక్‌కి 12 మిల్లీమీటర్లవి, సింథటిక్‌కి 6. సింథటిక్ మీద 9 దాటితే రూలే ఒప్పుకోదు. పిన్ను తాళం, నాలుగు పిన్నులు అదనంగా. మట్టి ట్రాక్ మీద వాడాక కడగకుండా పెడితే తుప్పుపట్టి మరలు ఊడవు, అప్పుడు అమ్మే పటకారు పట్టుకుని కుస్తీ పడుతుంది. బిబ్బులు ముందొకటి వెనకొకటి, ఒక్కోదానికి నాలుగు పిన్నీసులు. ఆ ఎనిమిదీ అమ్మ పుస్తెల తాడునుంచి ఊడబీకకుండా నువ్వే కొనుక్కో.

మురీమిక్చర్
ఆఖరి వాక్యానికి ఆంధ్రప్రదేశ్‌లోని అమ్మలందరి తరఫునా లైక్.

పోర్ట్‌స్టేడియం_పొద్దున్న
మొక్కుల సంగతి కూడా అడిగి తెలుసుకో. మనవాళ్ళు మీట్‌కి ముందు చెప్పకుండా మొక్కేసుకుంటారు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికో, సింహాచలం అప్పన్నకో. ఆవిడ ఒక్కతీ వెళ్ళి తీర్చుకొచ్చేబదులు నువ్వు తోడెళ్ళు. ఈసారి సంచి నీ భుజాన.

ఐస్‌ప్యాక్
వెళ్ళండి, కానీ సింహాచలం అయితే మెట్లదారి రేసు మర్నాడే వద్దు. హర్డిల్స్ అయ్యాక తొడలు అప్పటికే పచ్చిగా ఉంటాయి, మెట్లు దిగేటప్పుడు కండరం సాగుతూ బరువు ఆపాలి కాబట్టి నొప్పి రెట్టింపవుతుంది. మూడు రోజులు ఆగు, లేదా బస్సులో కొండెక్కండి. బురుజుపేటకి ఈ ఇబ్బంది లేదు. మార్గశిర గురువారం మాత్రం క్యూలో నిలబడలేరు, మామూలు రోజు చూసుకోండి.

రెండోలేన్
ఆఖరి ప్రశ్న. సర్టిఫికెట్లన్నీ అమ్మ బీరువాలో చీరల మధ్య దాచింది. లామినేట్ చేయించి గోడకి పెడితే సంతోషిస్తుందా?

టెక్నికల్_టేబుల్
లామినేట్ మాత్రం చేయించకు! స్పోర్ట్స్ కోటాకి ఒరిజినల్స్ పరిశీలించేటప్పుడు సీలు, సంతకం, వెనకవైపు రాసినవి చూస్తారు. ప్లాస్టిక్ అతుక్కుపోయాక వెనక ఎవరూ ఏమీ రాయలేరు, వేడికి సంతకాల సిరా కూడా పాడవుతుంది. ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి కొను, ఏడాది వారీగా పెట్టు, ప్రతిదాన్నీ రెండువైపులా స్కాన్ చెయ్యి. ముందు పేజీలో మీట్ పేరు, తేదీ, ఈవెంటు, స్థానం, టైము రాసిన జాబితా. గోడకి కావాలంటే రంగు జిరాక్సు తీయించి ఫ్రేమ్ కట్టించు.

మురీమిక్చర్
జిరాక్సులో అమ్మ ఫొటో కూడా ఇరికించు.

రెండోలేన్
ఫైలు రేపే కొంటున్నా. చీరల మధ్యనుంచి తీయడానికి ఆవిడ ఒప్పుకుంటే.